డోలు ఇనవడ్తది, కథ ఇనవడ్తలేదు

మా బాపుతో నా ఫోన్ కాల్ సగటున 40 సెకన్లు ఉండేది. కాల్ లాగ్ చూసి చెప్తున్నా, ఊరికే అనట్లేదు. "తిన్నవా?" "తిన్న." "పైసలున్నయా?" "ఉన్నయ్." "మంచిగ సదువుకో. అమ్మకిస్తున్న." అంతే. పక్క మంచం మీద మా రూమ్మేట్ వాళ్ళ నాన్నతో ఐపీఎల్ వేలం గురించి అరగంట మాట్లాడుతుంటే, మా బాపు మాటకారి కాదులే అనుకుని ఊరుకునేవాణ్ణి.

ఈ వ్యాసం నిజానికి స్పీకర్ల గురించి. తక్కువ డబ్బుల్లో ఇంటికి చిన్న స్టీరియో సెట్ ఎలా కొన్నానో రాస్తానని క్లబ్ వాళ్ళకి మాటిచ్చా. ఫోన్ సంగతి ముందే ఎందుకు చెప్పానో చివరికి వస్తుంది. ఇంకో మాట. నేను ఒకటో తరగతి నుంచి ఇంగ్లిష్ మీడియం. డెసిబెల్‌కి, ఈక్వలైజర్‌కి తెలుగులో ఏమంటారో నన్నడక్కండి. మా ఇంట్లో కూడా సౌండ్‌ని సౌండనే అంటారు.

మాది సిరిసిల్ల. బాపు సాంచాలు నడుపుతాడు. సాంచా అంటే పవర్‌లూమ్. పుస్తకాల్లో మరమగ్గం అని ఉంటుంది, మా వాడలో ఆ మాట అనగా నేనెప్పుడూ వినలేదు. పెళ్ళికి ముందు ఎనిమిదేళ్ళు భీవండిలో, ఆ తర్వాత మొత్తం ఇక్కడే. సాంచాలు మావి కావు, ఆసామివి. బాపుది కూలి. రోజుకి 12 గంటలు, ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. అమ్మ అరుగు మీద కూర్చుని, చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చేస్తుంది. ఇదేం కష్టాల కథ కాదు, మా వాడలో సగం ఇళ్ళు ఇట్లాగే ఉంటాయి.

భీవండి నుంచి వచ్చేటప్పుడు బాపు తెచ్చుకున్న ఆస్తి ఒక టూ-ఇన్-వన్, ఒక అట్టపెట్టె నిండా క్యాసెట్లు. సగం పాత సినిమా పాటలు, సగం ఒగ్గుకథలు. ఒగ్గుకథ తెలియని ఫ్రెండ్స్ కోసం: మల్లన్న కథ, ఎల్లమ్మ కథ, బీరప్ప కథ. డోళ్ళు, తాళాలు మోగుతుంటే ఒకాయన పాడుతూ, మాట్లాడుతూ, మధ్యలో నవ్విస్తూ రాత్రంతా చెప్తాడు. మా జిల్లాలోనే హన్మాజీపేట అని ఒక ఊరుంది. సినారె పుట్టిన ఊరు. ఒగ్గుకథలో పెద్దపేరున్న మిద్దె రాములుది కూడా అదే ఊరు. బాపుకి సినారె కన్నా రాములే గొప్ప. ఈ విషయంలో నేను వాదన పెట్టుకోను.

టూ-ఇన్-వన్ మోటారు ఎప్పుడో పోయింది. క్యాసెట్లు అటక మీదున్నాయి. రాత్రి షిఫ్టు లేని వారం బాపు ఫోన్లో యూట్యూబ్ పెట్టుకుని, వాల్యూమ్ చివరిదాకా లేపి, ఫోన్‌ని స్టీలు గిన్నెలో నిలబెట్టి వినేవాడు. పోయిన దసరాకి ఇంటికెళ్తే అన్నాడు, "పట్నంల మంచి సౌండ్ బాక్సు ఒకటి చూడు రా. బేస్ మంచిగుండాలె. ఈ ఫోన్ల దమ్ము లేదు. డోలు ఇనవడ్తది, కథ ఇనవడ్తలేదు."

బాపు నన్ను ఒకటి కొనిపెట్టమని అడగడం అదే మొదటిసారి. ఎండాకాలం సెలవుల్లో ఒక చిన్న కంపెనీకి వెబ్ పేజీలు చేసిస్తే వచ్చిన 12,000 నా అకౌంట్లో అట్లాగే ఉన్నాయి. ఇంకేం కావాలి, ఎక్సెల్ షీట్ తెరిచా.

మన బ్రాంచ్ వాళ్ళ రోగం మీకు తెలిసిందే. కొనడం కన్నా కంపేర్ చేయడం మీద ఇష్టం ఎక్కువ. మూడు వారాలు ల్యాబ్ రికార్డులు పక్కన పెట్టి స్పీకర్లు చదివా. ఆ చదువులో పనికొచ్చినవి కొన్నున్నాయి, మీరు ఎప్పుడైనా కొంటే కూడా పనికొస్తాయి. డబ్బా మీద పీఎంపీఓ అని వేల వాట్లు రాసి ఉంటే దాన్ని చదవకుండా పక్కన పెట్టేయండి. అది ఏదో ఒక్క క్షణం పాటు వచ్చే శిఖరం లెక్క, దాన్ని ఎలా కొలవాలో ఒప్పుకున్న పద్ధతే లేదు. ఆర్ఎంఎస్ వాట్లు ఎన్నో చూడాలి. అందులో కూడా '10 శాతం టీహెచ్‌డీ దగ్గర' అని చిన్న అక్షరాల్లో ఉంటే, సౌండ్ పగిలిపోయేంత లేపి కొలిచారని అర్థం. '20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్' అని ఒక్కటే రాసి, ఎన్ని డెసిబెల్స్ అటూఇటూగానో రాయకపోతే ఆ లైనుకి విలువ లేదు.

అన్నిటికన్నా నన్ను ఆపేసింది వాట్ల లెక్క. వాట్లు రెండింతలు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి 'సౌండ్ డబుల్ అయింది' అనిపించాలంటే దాదాపు 10 డెసిబెల్స్ కావాలి, అంటే పదింతల వాట్లు. 20 వాట్ల సెట్‌కి, 40 వాట్ల సెట్‌కి ధరలో రెండు వేలు తేడా ఉంటుంది, చెవికి మాత్రం 'కొంచెం పెంచినట్టున్నావ్' అనిపిస్తుంది. అదే స్పీకర్‌కి మనిషికి మధ్య దూరం సగం చేస్తే 6 డెసిబెల్స్ ఫ్రీ. ఇది బయలులో లెక్క. గదిలో గోడల నుంచి సౌండ్ తిరిగి వస్తుంది కాబట్టి కొంచెం తక్కువ. అయినా ఫ్రీ ఫ్రీయే.

స్టీరియో అనే మాట గురించి కూడా చదివా. గ్రీకులో దానికి గట్టిది, ఘనమైనది అని అర్థం. 1931లో అలన్ బ్లమ్‌లైన్ అనే ఇంగ్లండ్ ఇంజనీర్ దీనికి పేటెంట్ అడిగాడు. భార్యతో సినిమాకి వెళ్తే, తెర మీద మనిషి ఒక పక్కనుంటే గొంతు ఇంకో పక్క నుంచి వస్తోందని చిరాకుపడి ఈ ఆలోచన చేశాడట. రెండు స్పీకర్లు, వినే మనిషి, ముగ్గురూ సమాన దూరంలో త్రిభుజంలా ఉంటే పాడే మనిషి మధ్యలో నిలబడినట్టు వినిపిస్తుంది. ఇది చదివి మా ఇంటి ముందుగది గీసుకున్నా. పది అడుగులు, పన్నెండు అడుగులు. మంచం, బీరువా, కూలర్, చెల్లె సైకిల్. త్రిభుజం ఎక్కడ పెట్టినా ఒక మూల సైకిల్ మీదకొస్తోంది.

కోఠీ గుజరాతీ గల్లీకి రెండు ఆదివారాలు వెళ్ళా. ఒక షాపతను నా షీట్ చూసి నవ్వి, "తమ్ముడూ, ఇంటికేనా? నాన్నగారికా? అయితే ఇది" అని, ఊఫర్ డబ్బా ఉన్న టూ పాయింట్ వన్ సెట్ ఆన్ చేశాడు. కింద చెప్పుల్లోంచి కాళ్ళలోకి ఎక్కింది బేస్. బాపు అడిగింది ఇదే. ధర 6,500. కొనేసేవాణ్ణే. అడ్వాన్స్ ఇవ్వబోతుంటే మా రూమ్మేట్ ఆపాడు. "నా పార్టీ స్పీకర్ సంక్రాంతికి ఇంటికి తీసుకుపో. బస్‌లో ఒళ్ళో పెట్టుకో. ఆయనకి బేస్ నచ్చితే అప్పుడు కొను." వాడు సివిల్ బ్రాంచ్. పునాది చూడకుండా గోడ కట్టనివ్వడు.

సంక్రాంతి సెలవుల్లో ఆ స్పీకర్‌ని బీరువా పక్కన పెట్టి ఎల్లమ్మ కథ పెట్టా. డోలు మోగింది. కిటికీ రెక్కలు అదిరాయి. వెనకింటి పెద్దమ్మ గోడ మీంచి తొంగి చూసింది. అమ్మ అరుగు మీద ఆకు కత్తిరిస్తూనే కథకుడితో పాటు ఒక మాట ముందే అనేసి తనలో తను నవ్వుకుంటోంది. బాపు మంచం మీద నిటారుగా కూర్చుని విన్నాడు. ఐదు నిమిషాలయ్యాక స్పీకర్ వైపు కాకుండా నా మొహం వైపు చూసి అన్నాడు, "మంచిగుంది రా. గని కథ ఇనవడ్తలేదు."

ఒకటే ఫైల్, ఒకటే స్పీకర్. అరుగు మీదున్న అమ్మకి ప్రతి మాటా అందుతోంది, ఎదురుగా ఉన్న బాపుకి అందట్లేదు. ప్రోగ్రామింగ్ ల్యాబ్‌లో అయితే ఇట్లాంటప్పుడు ఏం చెప్తారు? ఇన్‌పుట్ ఒకటే అయి, రెండు చోట్ల రెండు ఔట్‌పుట్లు వస్తుంటే బగ్ ఇన్‌పుట్‌లో లేదు.

అదే సాయంత్రం అమ్మ వంటింట్లోంచి, "సబ్బు అయిపోయింది" అని కేకేసింది. బాపు జేబు తడుముకుంటూ లేచి, "మొన్ననే గదా ఇచ్చిన, అప్పుడే డబ్బు ఎట్లైపోయింది?" అని కోపం చేశాడు. చెల్లె పగలబడి నవ్వింది. అమ్మ నవ్వలేదు. "గిట్లనే జేస్తుండు రెండేండ్ల సంది" అంది మెల్లగా. బాపుకి అది కూడా వినపడలేదు.

అప్పుడు ఒక్కొక్కటిగా గుర్తొచ్చాయి. చిన్నప్పుడు మధ్యాహ్నం సద్ది తీసుకుని కార్ఖానాకి వెళ్ళేవాణ్ణి. లోపల ఎవరూ నోటితో మాట్లాడరు. ఛాయ్‌కి పోదాం, నూలు తెగింది, ఆసామి వస్తున్నాడు, అన్నీ చేతులతో, పెదాలతో. బాపు ఇంట్లో కూడా మనం మాట్లాడుతుంటే మొహంలోకే చూస్తాడు. అబద్ధం చెప్తున్నానేమో అని చూస్తున్నాడని చిన్నప్పుడు భయపడేవాణ్ణి. పెదాలు చదువుతున్నాడని ఇప్పుడు తెలిసింది. మరి ఫోన్లో పెదాలు ఉండవు కదా. 40 సెకన్లు ఎందుకో కూడా అప్పుడే తెలిసింది.

మర్నాడు సద్ది నేనే తీసుకెళ్ళి, ఫోన్లో సౌండ్ మీటర్ యాప్ ఆన్ చేశా. 96, 98 మధ్య ఆడింది. ఫోన్ మీటర్‌ని పూర్తిగా నమ్మక్కర్లేదు, అయినా 85 దాటిన మోతలో రోజుకి 8 గంటలు ఏళ్ళ తరబడి ఉంటేనే చెవికి ప్రమాదం అంటారు. బాపువి 12 గంటలు, ఇరవై ఏడేళ్ళు.

కరీంనగర్‌లో చెవుల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళడానికి రెండ్రోజులు బతిమాలాల్సి వచ్చింది. అద్దాల గదిలో హెడ్‌ఫోన్స్ పెట్టి, సౌండ్ వినపడ్డప్పుడు బటన్ నొక్కమన్నారు. బయటి నుంచి చూస్తుంటే బాపు ఎగ్జామ్ రాసే పిల్లాడిలా కళ్ళు మూసుకుని, బటన్ రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. ఎంతసేపటికీ నొక్కడు. లోపల సౌండ్ వస్తూనే ఉంది అని టెక్నీషియన్ చెయ్యి చెప్తోంది. నేను అటు తిరిగి నిలబడ్డా.

రిపోర్ట్ ఒక గ్రాఫ్. ఎడమ నుంచి కుడికి 250 హెర్ట్జ్ నుంచి 8,000 దాకా, పై నుంచి కిందికి డెసిబెల్స్. గీత 1,000 దాకా దాదాపు సాఫీగా వచ్చి, 2,000 దగ్గర జారి, 4,000 దగ్గర బావిలో పడ్డట్టు 65కి పడిపోయింది. ఎడమ చెవికి 75. 8,000 దగ్గర మళ్ళీ కొంచెం లేచింది. 4,000 దగ్గర ఇట్లా గుంట ఉంటే మోత వల్ల వచ్చిన చెవుడు అయి ఉంటుందని డాక్టర్ చెప్పాడు. లోపలి సన్నటి కణాలు పోతే మళ్ళీ పుట్టవు.

మన భాషలో అ, ఆ, ఓ లాంటి అచ్చుల బలమంతా కింది ఫ్రీక్వెన్సీల్లో ఉంటుంది. స, శ, త, క లాంటివి పైన ఉంటాయి. పైగా వాటిలో బలం తక్కువ. బాపుకి అచ్చులు వస్తాయి, హల్లులు సగం రావు. 'అబ్బు' వినపడుతుంది, ముందు స ఉందో డ ఉందో ఊహించుకోవాలి. డోలు అంతా కింది ఫ్రీక్వెన్సీ. కథంతా హల్లుల్లో ఉంది. బాపు మొదటి రోజే డయాగ్నసిస్ చెప్పేశాడు, నేనే వాట్ల లెక్కలు వేసుకుంటూ కూర్చున్నా.

డాక్టర్ రెండు చెవులకీ మిషన్ పెట్టుకోమన్నాడు. వాళ్ళు చెప్పిన రేటు నా 12,000కి నాలుగింతలు. డబ్బు ఎట్లాగో చూద్దామని నేనంటుంటే బాపు తల అడ్డంగా ఊపాడు. బస్టాండ్‌లో ఛాయ్ తాగుతూ చెప్పాడు అసలు సంగతి. "సాంచ మోత మారితెనే తెలుస్తది బిడ్డా, ఏం ఖరాబైందో. చెవుల మిషిన్ పెట్టుకోని పోతె ఆసామి ఏమంటడు? వీనికి ఇనవడ్తలేదంటడు. నా సాంచాలు ఇంకోనికిస్తడు."

నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. తిరుగు బస్సులో కిటికీ పక్కన బాపు నిద్రపోతే నేను ఆ గ్రాఫ్ చూస్తూ కూర్చున్నా. వేములవాడ దాటకముందే ఒకటి తట్టింది. ఆ కాగితాన్ని తలకిందులు చేస్తే అది అచ్చం ఈక్వలైజర్ సెట్టింగ్. ఎక్కడ గీత పడిందో అక్కడ లేపాలి, బాగున్నచోట వదిలేయాలి. చెవిలో పెట్టుకోనంటే పెట్టుకోడు, ఇంట్లో స్పీకర్‌కి పెట్టొచ్చు కదా!

ఇది చికిత్స కాదని నాకు తెలుసు. చదువుతున్న మీరెవరూ ఇంట్లో వాళ్ళని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళకుండా స్పీకర్ కొనిపెట్టకండి. అయినా ఆ షీట్‌ని మొదటి నుంచి మళ్ళీ రాశా. ఈసారి పావుగంట పట్టింది.

ఊఫర్ డబ్బా కొట్టేశా. కింది సౌండ్ గట్టిగా ఉంటే పై సౌండ్‌ని కప్పేస్తుంది. బాపు అడిగిన బేసే బాపుకి కథ వినపడకుండా చేస్తోంది. పార్టీ స్పీకర్లూ అందుకే పోయాయి. సౌండ్‌బార్ చూశా. టీవీకి బాగుంటుంది గానీ గోడకి ఉంటుంది, మనిషి దగ్గరికి రాదు. పాటలు నింపి ఇచ్చే కారవాన్ లాంటివి కొనమని చెల్లె అంది. తేలిక, ముచ్చటగా కూడా ఉంటాయి. కానీ బాపు వినే కథలు ఉండేది యూట్యూబ్‌లో. మిగిలింది ఒక్కటే రకం: లోపలే ఆంప్లిఫయర్ ఉన్న జంట స్పీకర్లు, నాలుగు అంగుళాల కోన్, పైన విడిగా చిన్న ట్వీటర్. పక్కన వాల్యూమ్, బేస్, ట్రెబుల్‌కి మూడు గుండ్రటి నాబ్‌లు ఉండాలి. రిమోట్, టచ్ బటన్లు వద్దు. నూలు పట్టుకునే వేళ్ళకి నాబ్ ఎంత తిప్పాలో తెలుస్తుంది. ఒక్కోటీ 20 వాట్లు. గుజరాతీ గల్లీ షాపతను "దీంట్లో బేస్ రాదు తమ్ముడూ" అన్నాడు. అందుకే కావాలన్నా. బేరమాడితే 8,200కి వచ్చింది. ఆక్స్ వైరుకి 150.

ఫిబ్రవరి రెండో శనివారం ఇంటికి తీసుకెళ్ళా. షెల్ఫ్ మీద పెట్టలేదు. మంచం తలాపున, దిండుకి చెరో పక్క, రెండు స్టూళ్ళ మీద పెట్టా. బీరువా దగ్గర మూడు మీటర్ల దూరంలో ఉండేది ముప్పావు మీటరుకి వచ్చింది. రెండుసార్లు సగం చేసినట్టు, అంటే కాగితం మీద 12 డెసిబెల్స్, పదహారింతల వాట్లతో సమానం. బీరువా దగ్గర 320 వాట్లు పెడితే వచ్చేది ఇక్కడ 20 వాట్లతో వస్తుంది. గదిలో అంత రాకపోయినా వెనకింటి పెద్దమ్మ గోడ ఎక్కాల్సిన అవసరం రాలేదు.

బేస్ నాబ్ పూర్తిగా తగ్గించా, ట్రెబుల్ మూడొంతులు పెంచా. ఫోన్ ఈక్వలైజర్లో ఐదు గీతలుంటాయి. అందులో 3.6 కిలోహెర్ట్జ్ అని ఉన్నది సరిగ్గా బాపు గుంట దగ్గరే ఉంది. దాన్ని ఇష్టమొచ్చినట్టు లేపితే సౌండ్ పగులుతుంది, అందుకే మిగతా నాలుగూ కిందికి దించా. 65 డెసిబెల్స్ పోయాయి కదా అని 65 కలపకూడదు. పోయినదాంట్లో సగం చుట్టూ ఇస్తే చాలని హియరింగ్ ఎయిడ్ల వాళ్ళ పాత లెక్క ఒకటుంది. మన ఫోన్‌కి అంత సత్తా కూడా లేదులెండి. ఎడమ చెవి మరీ వీక్ కాబట్టి, అటువైపు పెట్టిన వాయిద్యాలు పోకుండా సెట్టింగ్స్‌లో మోనో ఆన్ చేశా. బ్లమ్‌లైన్ పేటెంట్ దాకా చదివి స్టీరియో కొని, కడకి మోనో పెట్టినవాణ్ణి నేనే అయ్యుంటా.

అదే ఎల్లమ్మ కథ. ఎవరో పాత క్యాసెట్ నుంచి ఎక్కించిన రికార్డింగ్. ట్రెబుల్ లేపేసరికి క్యాసెట్ బుస మొత్తం బయటికొచ్చింది. చెల్లె చెవులు మూసుకుంది. అమ్మ అరుగు మీంచి, "ఏందిరా అది, పాము బుసకొట్టినట్టు! చెవులు గీరుకపోతున్నయ్" అని అరిచింది. నాకు కూడా పళ్ళు జివ్వుమన్నాయి. బాపుకి బుస వినపడదు. ఆ చెవికి అది లేదు.

మంచం మీద వెల్లకిలా పడుకుని, ఎప్పటిలా నా మొహం చూడకుండా, పైన ఫ్యాన్ వైపు చూస్తున్నాడు. ఐదు నిమిషాలు ఏమీ అనలేదు. డోలు ఆగి కథకుడు ఒక్కడే మాట్లాడే చోటు వచ్చింది. ఏదో హాస్యం. అరుగు మీద అమ్మ, లోపల బాపు, ఇద్దరూ ఒకేసారి నవ్వారు. అమ్మ చాట పక్కన పెట్టి లోపలికి తొంగి చూసింది. తర్వాత ఆ బుస గురించి ఇంకేం అనలేదు. దూది ఉండలు చేసుకుని చెవుల్లో పెట్టుకుని బీడీలు చేసుకుంది. ఇప్పటికీ అంతే. ఆయన కథ వినే టైముకి ఆమెకి దూది కావాలి.

ఇది ఇక్కడితో ఆపేస్తే బాగుండేది. కానీ ఒక విషయం నన్ను గుచ్చుతోంది. పోయిన నెల డాక్టర్ దగ్గరికి మళ్ళీ పోదామంటే బాపు, "గిది ఉండంగ అదెందుకు రా? మంచిగనే ఇనవడ్తుంది గదా" అన్నాడు. రెండు స్టూళ్ళ మధ్య మాత్రమే వినపడుతుందని, వీధిలో వెనక నుంచి బండి వస్తే ఈ స్పీకర్లు హారన్ వినిపించవని చెప్పా. విన్నాడు. తల ఊపాడు. పోలేదు. నేను 8,200 పెట్టి ఆయనకి ఒక సాకు కొనిచ్చానేమో అని హాస్టల్లో రాత్రిళ్ళు అనిపిస్తుంటుంది. కార్ఖానాకి కనీసం చెవుల్లో పెట్టుకోవడానికి ఫోమ్ ప్లగ్గులు ఒక డబ్బా పంపా. ఉన్నదైనా పోకుండా ఉంటుందని. వాడుతున్నావా అంటే "ఆ, ఆ" అంటాడు. వాడట్లేదని చెల్లె చెప్తోంది. అవి పెట్టుకుంటే సాంచ మోత తెలియదట.

ఇక ఫోన్ సంగతి. బాపుది పాత ఫోన్, హెడ్‌ఫోన్ జాక్ ఉంది. ఒకరోజు కథ వింటుండగా నేను కాల్ చేశా. ఆక్స్ వైరు పెట్టే ఉంది. నా గొంతు రెండు స్పీకర్లలోంచి ఆయన దిండుకి చెరో పక్క వచ్చింది. మైక్ ఫోన్‌దే పనిచేస్తుంది కాబట్టి ఆయన మాట నాకు అందుతోంది. నా మాట నాకే కొంచెం ఆలస్యంగా తిరిగొస్తోంది. "తిన్నవా?" అన్నాడు. తిన్నా అన్నా. "ఏం కూర?" అన్నాడు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అడగలేదు. వంకాయ అన్నా. "వంకాయల పురుగులుంటయ్, చూసుకోని తిను." తర్వాత హాస్టల్ నీళ్ళ గురించి, రూమ్మేట్ గురించి, సివిల్ అంటే ఏం పని చేస్తారు అని, భీవండిలో తను ఉన్న రూములో పదకొండు మంది పడుకునేవాళ్ళని, అందులో ఒకడు నిద్రలో పాటలు పాడేవాడని.

అప్పటి నుంచి నేను ఫోన్ చేస్తే ముందు "ఆగు, వైరు పెడ్త" అంటాడు. కాల్ లాగ్‌లో 11 నిమిషాలు, 19 నిమిషాలు అని కనిపిస్తున్నాయి. మొన్న మిడ్స్ మార్కులు వచ్చాయి. ఆ రోజు వైరు పెట్టాక, ఆపరేటింగ్ సిస్టమ్స్‌లో ముప్పైకి తొమ్మిది వచ్చాయని మెల్లగా చెప్పా. నేను మెల్లగా చెప్పానే గానీ ట్రెబుల్ మూడొంతులు ఉంది, కిటికీ తీసి ఉంది.

బాపు ఇంకా ఏమీ అనకముందే గోడ అవతల నుంచి వెనకింటి పెద్దమ్మ గొంతు వినిపించింది.

"ఎంతకు తొమ్మిదొచ్చినయట?"